పుంగనూరు మీదుగా

కుప్పం నుంచి మదనపల్లెకు దారి ఎటని అడిగితే చంటిపిల్లలు కూడా చెప్తారు. బస్టాండులో మదనపల్లె బస్సెక్కి కూర్చుంటే చాలు, వి.కోట, పలమనేరు, పుంగనూరు దాటుకుని అదే తీసుకుపోయి దింపుతుంది. మౌలాలి మాత్రం తొమ్మిదేళ్లపాటు ఆ బస్సు ఎక్కలేదు. పొద్దున్నే రైల్లో బంగారుపేటకు పోయి, అక్కడి నుంచి బస్సులో కోలారు, కోలారు నుంచి శ్రీనివాసపురం, మళ్లీ ఇంకో బస్సు పట్టుకుని రాయల్పాడు మీదుగా మదనపల్లె చేరేవాడు. ముక్కేదిరా అంటే తలచుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, పక్క రాష్ట్రమంతా చుట్టి మళ్లీ సొంత జిల్లాలోకి దూరేవాడన్నమాట. ఎందుకింత యాతన అంటే, దారిలో పుంగనూరు తగలకూడదు. అంతే.

పుంగనూరు పరాయి ఊరేమీ కాదు. అతను పుట్టిన ఊరే. అక్కడి దూదేకుల వీధిలో తాతల నాటి నుంచి దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టిన ఇల్లు వాళ్లది. తల్లి చిన్నప్పుడే పోతే మాబున్ని అనే అక్కే అతన్ని చంకనేసుకుని పెంచింది. ఈ మదనపల్లె తిరుగుళ్లు కూడా ఆ అక్క కోసమే. నాలుగు నెలలకొకసారి ఆమె పుంగనూరు నుంచి నేరుగా బస్సులో వచ్చేది. తమ్ముడేమో కోలారు మీదుగా దుమ్ము కొట్టుకుని వచ్చేవాడు. మదనపల్లె బస్టాండు సిమెంటు బెంచీ మీద ఇద్దరూ కూర్చుని ఆమె తెచ్చిన క్యారియరు విప్పుకుని తినేవాళ్లు. ఒక గంటసేపు. తర్వాత ఎవరి బస్సు వాళ్లది.

ఇదంతా 1996లో మొదలైంది. ఆ ఏడు ఒక పెళ్లి నిశ్చయం చెడిపోయి, తాంబూలాలనాడు ఎవరు ఏమన్నారని రెండు కుటుంబాలు మసీదు జమాతు పంచాయితీకెక్కాయి. ఆనాడు ఆ ఇంట్లో ఉన్న మనిషి కాబట్టి మౌలాలిని సాక్షిగా పిలిచారు. అబద్ధం ఆడడని వీధిలో అతనికి పేరు. ఖురాన్ మీద చెయ్యి పెట్టి జరిగింది చెప్పమన్నారు. ఇంకొకడైతే చెయ్యి పెట్టి, రెండు మాటలు చెప్పి, ఇంటికి పోయి అన్నం తినేవాడు. ఈయన చెయ్యి పెట్టలేదు.

"జరిగింది జరిగినట్టు చెప్తా. ప్రమాణం మాత్రం వద్దు" అన్నాడు. "నాకు నమ్మకం పోయి ఐదారేండ్లయింది. నమ్మకం లేనోడి చెయ్యి దానిమీద పెడితే మీకే కదా అవమానం."

మర్యాద చేస్తున్నాననే అనుకున్నాడు పాపం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని కూడా అన్నారు పెద్దలు. నమ్మకం ఎందుకు పోయిందో అతనికే సరిగా చెప్పడం రాదు. ఎవరిమీదా కోపం లేదు. ఎవరూ ఏమీ చేయలేదు. ఇంకో దేవుడెవరూ వచ్చి పిలవనూ లేదు. దూది ముందు కూర్చుని ఏళ్ల తరబడి ఆలోచించి ఆలోచించి ఒకనాడు వెతుక్కుంటే లోపల కనపడలేదు. ఆ సంగతి లోపలే పెట్టుకుని ఉంటే బతికిపోయేవాడు.

మర్నాడు బాబాజాన్ అనే కుర్రవాడు ఇద్దరిని వెంటేసుకుని కట్టెలతో వచ్చాడు. దూది మూటలు మురిక్కాలవలో పారేశారు. మతం వదిలినవాడు ఈ ఊళ్లో కనపడితే రెండు కాళ్లూ విరిచేస్తామన్నారు. సాయంత్రానికి జమాతు పెద్ద అమీర్ జాన్ సాయిబు వచ్చి మౌలాలిని రిజిస్టరాఫీసు దగ్గరికి తీసుకుపోయాడు. ఆఫీసు ముందర చెట్టుకింద డాక్యుమెంట్లు రాసేవాడి చేత పది రూపాయల స్టాంపు కాగితం మీద నాలుగు వాక్యాలు రాయించాడు. నా ఇష్టపూర్తిగా మతం వదిలినాను. మా నాయన ఇంట్లో నాకు భాగం లేదు. బంధుత్వం లేదు. ఇకమీదట పుంగనూరు పొలిమేరలో కాలు పెట్టను. మౌలాలి సంతకం పెట్టాడు. కింద ఊదారంగు ముద్ర పడింది. ఒక జెరాక్సు కాపీ చేతికిచ్చి, బస్సెక్కమన్నారు.

మన పక్క స్టాంపు కాగితానికి ఉన్నంత మర్యాద జడ్జిగారికి కూడా లేదు. కోడిని అమ్మినా దానిమీదే, మేకను మారకం వేసినా దానిమీదే. దాని మీద రాత పడితే ఇక బ్రహ్మరాత అవసరం లేదు. పైగా రాసింది రిజిస్టరాఫీసు ముందర. కాబట్టి ఆ మాటలు లోపల పెద్ద పుస్తకాలకెక్కి ఉంటాయని, ఆ ఊదా ముద్ర సర్కారుదని, తను పుంగనూరులో దిగితే బాబాజాన్ కంటే ముందు పోలీసులే పట్టుకుంటారని మౌలాలి గట్టిగా నమ్మాడు. ఏ నమ్మకం పోయినా ఈ ఒక్క నమ్మకం మాత్రం తొమ్మిదేళ్లు చెక్కు చెదరలేదు. జెరాక్సు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

కుప్పంలో రైలు గేటు దగ్గర యశోదమ్మ అనే ఆమె తన ఇంటి వెనక గది అద్దెకిచ్చింది. నువ్వు సాయిబువా, మనవాడివా అని మొదటిరోజే అడిగింది. ఇప్పుడు ఏదీ కాదమ్మా అన్నాడు మౌలాలి. ఆమె కాసేపు ఆలోచించి, సరే గాని నీళ్లు మటుకు పొదుపుగా వాడుకో అంది. కుప్పంలో నీళ్ల బాధ అట్లాంటిది. అతను ఆ గదిలోనే పరుపులు కుట్టుకుంటూ, ఎవరి జోలికీ పోకుండా బతికాడు. పగలు ఎవరైనా వెనకనుంచి గట్టిగా పిలిస్తే మాత్రం చేతిలో సూది జారిపోయేది. మంచం ఎప్పుడూ తలుపుకి అడ్డంగా వేసుకునే పడుకునేవాడు.

2005 ఎండాకాలంలో యశోదమ్మ ఇంటి ఫోనుకు మాబున్ని కొడుకు ఫోన్ చేశాడు. అమ్మ స్నానాలగదిలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది, ఆపరేషను చేసినారు గాని ఇక లేచి నడిచేది కష్టమన్నారు అని చెప్పి, ఫోను తల్లి చేతికిచ్చాడు.

"ఇంక నేను బస్సెక్కేదేం లేదు మౌలా" అంది మాబున్ని. "నువ్వొస్తే సూస్తా. రాకపోతే లేదు."

ఆమె తిట్టినా, ఏడ్చినా ఇంత బాధ ఉండేది కాదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పి పెట్టేసింది. ఆ గుణం ఇద్దరికీ ఒకచోటే వచ్చింది మరి. మౌలాలి రెండు రోజులు అన్నం ముట్టలేదు. అక్కను చూడాలంటే పుంగనూరు పోవాలి. పోతే జైలో, విరిగిన కాళ్లో. పోకపోతే ఆమె ముఖం ఇక ఈ జన్మకు లేదు. మూడోరోజు యశోదమ్మ తలుపు తట్టి, ఏమైందో చెప్పేదాకా కదలనని గడపలో కూర్చుంది. అతను జేబులోంచి కవరు తీసి ఇచ్చాడు. ఆమె కళ్లద్దాలు తెచ్చుకుని రెండుసార్లు చదివింది. తన తమ్ముడి కూతురు ప్రసన్నలక్ష్మి మదనపల్లె కోర్టులో లాయరుగా ఉందని, ఈ ముక్క దాని ముందర పెట్టమని చెప్పింది.

మౌలాలి మర్నాడే బయలుదేరాడు. ఎట్లా పోయాడని అడగాల్సిన పని లేదు. బంగారుపేట, కోలారు, శ్రీనివాసపురం. తప్పదు.

ప్రసన్నలక్ష్మికి ముప్ఫై దాటి ఉండవు. కోర్టు వెనక వీధిలో చిన్న గది, రెండు కుర్చీలు, కట్టలు కట్టిన ఫైళ్లు. కాగితం చదివి, వెనక్కి తిప్పి చూసి, మళ్లీ ముందుకు తిప్పింది. దీన్ని పట్టుకుని తొమ్మిదేళ్లు ఊరు చుట్టి వచ్చావా అని అడిగింది. అతను తలూపాడు. ఆమెకు నవ్వొచ్చిందో కోపమొచ్చిందో తెలియలేదు గాని, ఫ్యాను కట్టేసి, అతని పక్క కుర్చీలోకి వచ్చి కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది. ఈ ముద్ర సర్కారుది కాదు, జమాతుది. చెట్టుకింద రాసినంత మాత్రాన ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. మతం ఉంచుకోవడం, వదులుకోవడం మనిషి ఇష్టమని రాజ్యాంగమే చెప్పింది. ఇక ఇంట్లో భాగం సంగతి తెల్లదొరలే తేల్చి పోయారు. మతం వదిలినా, మతంవాళ్లు వెలేసినా ఆస్తి హక్కు పోదని 1850లోనే చట్టం చేశారు. ఆ మాట విని మౌలాలి తన వేళ్ల మీద ఏదో లెక్క వేశాడు. మా ముత్తాత పుట్టకముందే అన్నమాట అనుకున్నాడు.

"నాకు భాగం వద్దమ్మా. అక్కను సూడాల, అంతే."

"భాగం అడిగేదీ అడగనిదీ నీ ఇష్టమన్నా. హక్కు పోలేదని చెప్తాండా. ఊర్లో కాలు పెట్టొద్దనేదానికి ఈళ్లెవురు? సర్కారు చెప్పాలన్నా కారణం సూపించాల."

తొమ్మిదేళ్లు మోసిన మూట ఉత్త ఊకేనని తెలిస్తే ఎవరికైనా మొదట సంతోషం రాదు, సిగ్గు వస్తుంది. అతనికీ అదే అయింది. తర్వాత మెల్లగా అసలు సంగతి అడిగాడు.

"చట్టం ఉండాదమ్మా, బాగుండాది. బాబాజాన్ సేతిలో కట్టె ఉంటే, ఆ చట్టం యాడుంటాది?"

ఆ ప్రశ్నకు ఆమె కోపం తెచ్చుకోలేదు. దానికీ దారి ఉందంది. ఫలానావాళ్ల వల్ల ప్రాణభయం ఉందని డీఎస్పీకి అర్జీ పెడదాం, పోలీసులు విచారించి వాళ్లను ఎమ్మార్వో ముందు బైండోవర్ చేస్తారు, అంటే ఏడాదిపాటు గొడవ చేయబోమని పూచీకత్తు రాసిస్తారు, మాట తప్పితే లోపలేస్తారు అని చెప్పింది. బెదిరించారనడానికి రుజువేదని అడుగుతారు కదా అని అతనికి అనుమానం. ప్రసన్నలక్ష్మి ఆ జెరాక్సు కాగితాన్ని వేలితో కొట్టింది. ఊళ్లోకి రావద్దని ముద్ర వేసి మరీ రాసిచ్చారు, ఇంతకంటే రుజువు ఏం కావాలి అంది. మౌలాలిని తొమ్మిదేళ్లు భయపెట్టిన కాగితం ఆ సాయంత్రం అతని వైపు సాక్షిగా ఫైల్లోకి వెళ్లిపోయింది.

పదిహేను రోజులకు పుంగనూరు స్టేషనుకు రమ్మని కబురొచ్చింది. ముందునాడే మళ్లీ కోలారు చుట్టి మదనపల్లె చేరి, ఒక లాడ్జిలో తలదాచుకున్నాడు. పొద్దున ప్రసన్నలక్ష్మి బస్టాండుకు వచ్చి, పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టింది. గట్టిగా గంట ప్రయాణం. ఊరు దగ్గరపడేకొద్దీ అతను తువ్వాలు ముఖం మీదికి లాక్కోబోయాడు. పక్కనే కూర్చున్న ఆమె తువ్వాలు అడిగి తీసుకుని తన ఫైళ్ల మీద దుమ్ము తుడుచుకుంది. దిగినా తిరిగివ్వలేదు.

స్టేషన్లో బెంచీ మీద అమీర్ జాన్ సాయిబు కూర్చుని ఉన్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. పక్కన బాబాజాన్, అతని ఇద్దరు జతగాళ్లు. కట్టె పట్టుకుని వచ్చిన కుర్రవాడికి ఇప్పుడు పొట్ట వచ్చింది. కోళ్ల అంగడి, ఇద్దరు పిల్లలు. మౌలాలి కళ్లు మాత్రం ముందు అతని చేతిలో కట్టె ఉందేమోనని వెతికాయి. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఎస్సై అర్జీ చదివించి, ఆ ముద్ర మీదేనా అని సాయిబును అడిగాడు. మాదేనన్నాడు ముసలాయన. దాచలేదు. తర్వాత ఎస్సై వైపు కాక మౌలాలి వైపు తిరిగాడు.

"ఆ పొద్దు ఈ పిల్లోళ్లు తాగినోళ్ల మాదిరి ఊగిపోతా ఉండిరి. నిన్ను ఊరు దాటిస్తే పానం దక్కుతాదనుకున్నా. కాగితం సూపిస్తే వీళ్లు సల్లబడతారని రాయించినా. నువ్వు దాన్ని తొమ్మిదేండ్లు నమ్ముతావని అనుకోలే." కాస్త ఆగాడు. "ఆరు నెలలకు తిరిగొస్తావనుకున్నా. రాలే. పిలిపించకపోయింది నా తప్పే."

మౌలాలికి ఆరు నెలలకే రావచ్చునా అని ఒక్కటే మాట బుర్రలో తిరుగుతోంది. కోపం రావాలి. వచ్చింది కూడా. ఎవరో ఒకరు వచ్చి పిలిచి ఉంటే అక్క ముసలిదవుతూ బస్టాండు బెంచీల మీద క్యారియరు విప్పాల్సిన పని ఉండేది కాదు. అయినా ఆ ముసలాయన తన తప్పని నలుగురి ముందు అన్నాడు, పెద్దమనుషులు ఆ మాట అనడం అతను ఎప్పుడూ వినలేదు.

బాబాజాన్ మాత్రం మెత్తబడలేదు. ఎమ్మార్వో ఆఫీసులో పూచీకత్తు కాగితం ముందు పెడితే పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

"వీడు సేసింది నాకు అప్పుడూ నచ్చలే, ఇప్పుడూ నచ్చలే" అన్నాడు. "కొట్టనని సంతకం పెడతాండా. నచ్చిందని కాదు."

"నచ్చాలని ఎవురూ అడగలేదప్పా" అంది ప్రసన్నలక్ష్మి. "కొట్టకుంటే సాలు."

అతను సంతకం పెట్టాడు. మిగతా ఇద్దరూ పెట్టారు. మౌలాలికి ఆ మాటే బాగా నచ్చింది. బాబాజాన్ వచ్చి కావలించుకుని ఏడ్చి ఉంటే అనుమానపడేవాడు. నచ్చలేదని ముఖం మీద చెప్పి, కొట్టనని రాసిచ్చిన మనిషిని నమ్మొచ్చు. బయటికి వచ్చాక ఏడాది అయిపోతే ఏమిటని లాయరమ్మను అడిగాడు. మళ్లీ నోరు జారితే మళ్లీ అర్జీ పెడదాం, నేనెక్కడికీ పోను అని చెప్పి, తువ్వాలు చేతిలో పెట్టి, ఆమె మదనపల్లె బస్సు కోసం వెళ్లిపోయింది.

మౌలాలి ఒక్కడే నడిచాడు. మొదటి వీధిలో గోడ పక్కన నడిచాడు. రెండో వీధిలో ఒక ముసలామె నువ్వు మాబున్ని తమ్ముడివి కదా అని అడిగితే అవునన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు, మేకను తోలుకుంటూ వెళ్లిపోయింది. అంతే. ఆకాశం విరిగి పడలేదు. బజారు మధ్యకు వచ్చేసరికి అతను రోడ్డు మధ్యలోనే నడుస్తున్నాడు. వెనక ఆటోవాడు హారన్ కొట్టి తిట్టాడు. ఆ తిట్టు తనకొక్కడికే కాదు, రోడ్డు మధ్య నడిచే ఎవరికైనా పడేదే. మౌలాలికి నవ్వొచ్చింది.

ఇంట్లో కిటికీ పక్కన మంచం మీద మాబున్ని ఉంది. బస్టాండులో చూసిన మనిషిలో సగం అయింది. తమ్ముణ్ణి చూసి ఏడవలేదు. ముఖం నిండా దుమ్ముంది, పోయి కడుక్కో అంది. కోడలు చెంబుతో నీళ్లిచ్చింది. వీధిలోంచి ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు. మాబున్ని వాళ్లను చూసి, మా తమ్ముడు వచ్చినాడు, కావాలంటే లోపలికొచ్చి సూడండి అని గట్టిగా చెప్పింది. వాళ్లు సిగ్గుపడి వెళ్లిపోయారు.

కాసేపటికి మసీదులోంచి సాయంత్రం అజాన్ వినపడింది. మేనల్లుడు టోపీ తీసుకుని బయటికి పోతూ గడపలో ఒక క్షణం ఆగి మామ వైపు చూశాడు. మౌలాలి వెన్ను బిగుసుకుంది. తొమ్మిదేళ్ల కింద ఆ చూపు తర్వాతనే అంతా జరిగింది. మళ్లీ అడుగుతారు, మళ్లీ లేదని చెప్పాలి, మళ్లీ మొదలవుతుంది అనుకున్నాడు. ఇంకొకచోట అయితే ఏమో గాని, అక్క ముందర లేదని చెప్పడమే అతనికి అన్నిటికంటే కష్టం. బస్టాండు బెంచీ మీద ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

"నువ్వు పోరా" అంది మాబున్ని కొడుకుతో. వాడు వెళ్లిపోయాక తమ్ముడి వైపు చూసింది.

"యాల అట్ల బిగుసుకుంటావు? నువ్వేం సదవాల్సిన పన్లేదు. నన్ను పడమటికి తిప్పు, సాలు. ఈ పిల్ల ఒక్కతే తిప్పలేక రోజూ అవస్థ పడతాండాది."

మౌలాలి లేచాడు. మంచం తలవైపు అతను, కాళ్లవైపు కోడలు పట్టుకుని అక్కకు నొప్పి తగలకుండా మెల్లగా తిప్పారు. ఆమెను లేపి కూర్చోబెట్టి, దిండు పొడుగ్గా మడిచి నడుము వెనక పెట్టాడు. పరుపులు కుట్టేవాడి చెయ్యి కదా, ఎక్కడ పెట్టాలో దానికి తెలుసు. తలమీది కొంగు జారితే సరిచేశాడు. సరిగ్గా ఉందా అని అడిగాడు. ఉంది, ఇంక పక్కకు జరుగు అంది. అతను గడపమీద కూర్చున్నాడు. ఆమె కూర్చున్నచోటే తల వంచుతూ, ఎత్తుతూ నమాజు చేసుకుంది. అతను చేయలేదు. దొంగచూపులు చూడలేదు, పెదవులు ఊరికే కదిలించలేదు. తలుపు బార్లా తెరిచి ఉంది, వీధిలో పోయేవాళ్లందరికీ ఇద్దరూ కనపడుతున్నారు. ఎవరూ ఆగలేదు.

మాబున్ని ముగించి అరచేతులతో ముఖం తుడుచుకుంది. ఎప్పుడు పోతావని అడిగింది, బస్టాండులో ఎప్పుడూ అడిగినట్టే. మౌలాలి అలవాటుగా టైము చూడబోయి ఆగిపోయాడు.

"తొందరేం లేదక్కా" అన్నాడు.

ఆ మాట అనేసరికి అతనికి ఏడుపు ఆగలేదు. తొమ్మిదేళ్లది, ఒక్కసారిగా వచ్చింది. మాబున్ని ఊరుకోమని అనలేదు, ఏడవనిచ్చింది. కాసేపయ్యాక, మామకు అన్నం పెట్టమని కోడలిని కేకేసింది.